స్విచ్ ఆపితే సరిపోతుందా? – హామ్ రేడియో పరికరాలు, హై వోల్టేజి, మన భద్రత



హౌరా నుంచి ముంబయి వెళ్ళే ప్రధాన రైలుమార్గంలో బిలాస్‌పూర్ జంక్షన్ దాటి రాయ్‌పూర్ వైపు ప్రయాణిస్తే, దాధాపారా తర్వాత చకర్‌భాటా అనే స్టేషన్ వస్తుంది. బొగ్గు వ్యాగన్లు రాత్రీ పగలూ నడిచే దారి ఇది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర ప్రాంతాల వారు ఉద్యోగాల కోసం ఈ వైపు వచ్చి స్థిరపడ్డారు. అందువల్ల బిలాస్‌పూర్ చుట్టుపక్కల రైల్వే కాలనీలలో తెలుగు మాట వినిపించడం కొత్తేమీ కాదు. ఈ పాఠం చదివే వారిలో అటువంటి ఇళ్ళలో పుట్టి పెరిగిన వారు కూడా ఉండవచ్చు.

ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి తల ఎత్తి చూడండి. పట్టాలకు సుమారు ఐదున్నర మీటర్ల ఎత్తులో ఒక రాగి తీగ కనిపిస్తుంది. అందులో ఉన్నది 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. మన రైళ్ళకు ఈ 25 కిలోవోల్టుల పద్ధతిని అనుసరించాలని 1957లో నిర్ణయించారు. ఆ తీగకు మరమ్మతు చేయవలసి వచ్చినప్పుడు రైల్వే సిబ్బంది ఏం చేస్తారో మీరు ఎప్పుడైనా గమనించారా? ముందుగా కంట్రోలు ఆఫీసు నుంచి ఆ భాగానికి కరెంటు ఆపిస్తారు. ఆపినట్లు తిరుగులేని ధ్రువీకరణ తీసుకుంటారు. అయినా వెంటనే తీగను ముట్టుకోరు. పొడవైన కర్రలాంటి డిశ్చార్జి రాడ్‌ను తెస్తారు. దాని తీగను మొదట పట్టాకు గానీ స్తంభానికి గానీ బిగించి, ఆ తరువాత పైకొక్కేన్ని ఓవర్‌హెడ్ తీగకు తగిలిస్తారు. పని జరిగే చోటికి అటూ ఇటూ రెండు వైపులా అలా తగిలించిన తరువాతే నిచ్చెన ఎక్కుతారు.

కరెంటు ఆపేశారు కదా, మళ్ళీ ఈ రాడ్ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబే నేటి మన పాఠం. ఆ జవాబు రైల్వే వారికి ఎంత అవసరమో, ఇంట్లో చిన్న గదిలో కూర్చుని హామ్ రేడియో పరికరాన్ని విప్పే వారికి అంతే అవసరం.

హామ్ రేడియోలో హై వోల్టేజి ఎక్కడ ఉంటుంది?

లాభాపేక్ష లేకుండా, విజ్ఞానం కోసం, స్నేహం కోసం, ఆపద సమయంలో సేవ కోసం లైసెన్సు తీసుకుని రేడియో తరంగాల ద్వారా సంభాషించుకునే వారిని హామ్‌లు అంటారు. పన్నెండేళ్ళు నిండిన విద్యార్థి కూడా ప్రభుత్వం నిర్వహించే పరీక్ష రాసి ఈ లైసెన్సు పొందవచ్చు. ఈ అభిరుచికి మన దేశంలో ఒక ముఖ్య కేంద్రం హైదరాబాదు. 1983లో అక్కడ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ప్రారంభమైంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ బృందం భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో అండమాన్ దీవులలోని పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రసారాలు జరుపుతూ ఉండగా, 26వ తేదీన భూకంపం, సునామీ వచ్చాయి. సాధారణ సమాచార సౌకర్యాలు దెబ్బతిన్న ఆ రోజులలో వారి రేడియోలే దీవుల నుంచి ప్రధాన భూభాగానికి కబురు చేరవేశాయి. హామ్ రేడియో విలువ ఏమిటో ఆ సంఘటన దేశానికి తెలియజెప్పింది.

ఈనాటి చిన్న హామ్ సెట్లు చాలావరకు 13.8 వోల్టులతో పనిచేస్తాయి. ఆ వోల్టేజి వల్ల షాకు ప్రమాదం దాదాపు లేదు. కానీ దూర ప్రసారాల కోసం ఎక్కువ శక్తి కావలసినప్పుడు లీనియర్ యాంప్లిఫయర్ అనే పరికరాన్ని వాడతారు. 2009లో సవరించిన నిబంధనలు జనరల్ గ్రేడు లైసెన్సుదారుకు షార్ట్‌వేవ్‌లో 400 వాట్ల వరకు అనుమతించాయి. ఇంత శక్తిని ఇవ్వడానికి చాలామంది నేటికీ వాల్వులనే వాడుతున్నారు. విదేశీ పరికరాలు దొరకడం కష్టమైన రోజులలో మన హామ్‌లు 807, 813 వంటి వాల్వులతో ట్రాన్స్‌మిటర్లను ఇంట్లోనే తయారు చేసుకున్నారు. 807 వాల్వు ప్లేటుకు 600 నుంచి 750 వోల్టులు, 813 వాల్వు ప్లేటుకు సుమారు 2000 వోల్టులు ఇచ్చేవారు. పెద్ద యాంప్లిఫయర్లలో ఇది 2500, 3000 వోల్టుల దాకా పోతుంది.

ఈ వోల్టేజి ఎలా వస్తుంది? గోడ సాకెట్‌లోని 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మర్ పెంచుతుంది. రెక్టిఫయర్ దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. అందులోని ఎగుడుదిగుళ్ళను కెపాసిటర్లు సరిచేస్తాయి. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి. మన కథలో అసలు పాత్ర కెపాసిటరుదే.

మన శరీరం, ఓమ్ నియమం

షాకు తీవ్రత వోల్టేజి మీద ఆధారపడుతుందా, విద్యుత్ ప్రవాహం మీద ఆధారపడుతుందా? శరీరానికి హాని చేసేది ప్రవాహం. ఆ ప్రవాహం ఎంతో నిర్ణయించేది వోల్టేజి, శరీర నిరోధం. పొడి చర్మానికి వేల ఓములు, ఒక్కొక్కసారి పదివేల ఓములకు మించిన నిరోధం ఉంటుంది. చెమట పడితే అది వెయ్యి ఓముల దగ్గరకు దిగిపోతుంది. వేల వోల్టుల దగ్గర చర్మం తన నిరోధాన్ని నిలుపుకోలేదు.

ఇంటి కరెంటు విషయంలో సుమారు 1 మిల్లీ ఆంపియరు ప్రవహిస్తే జలదరింపు తెలుస్తుంది. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి రావచ్చు. 30 మిల్లీ ఆంపియర్లకు మించి ఛాతీ గుండా పోతే శ్వాసకూ గుండెకూ ప్రమాదం. 100 మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు ప్రవహిస్తే గుండె లయ తప్పి, రక్తాన్ని పంపలేక వణుకుతూ ఉండిపోవచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. తడి చేతి నిరోధం 1000 ఓములు అనుకోండి. 230 వోల్టుల వద్ద ప్రవాహం 230 మిల్లీ ఆంపియర్లు. 2500 వోల్టుల వద్ద రెండున్నర ఆంపియర్లు! కాబట్టి వాల్వు యాంప్లిఫయర్‌లో "కొంచెం షాకు తగిలింది" అనే మాటకు తావు లేదు. అక్కడ మొదటి పొరపాటే చివరిది కావచ్చు.

స్విచ్ ఆగినా ఆగనిది

కెపాసిటర్ విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే పాత్ర వంటిది. కుళాయి కట్టేసినంత మాత్రాన బిందెలోని నీళ్ళు పోవు కదా! అలాగే స్విచ్ ఆపినంత మాత్రాన కెపాసిటర్‌లోని ఆవేశం పోదు. అందులోని శక్తిని కనుక్కోవడానికి మీ పాఠ్యపుస్తకంలో సూత్రం ఉంది. కెపాసిటీని వోల్టేజి వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి.

మన యాంప్లిఫయర్‌లో 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 2500 వోల్టుల వద్ద ఉందనుకుందాం. దాని శక్తి సుమారు 156 జౌళ్ళు. ఒక కిలో బరువును ఐదంతస్తుల మేడ పైనుంచి, అంటే 16 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు దానికి ఉండే శక్తి ఇంతే. మరో పోలిక కూడా చెప్పుకుందాం. ఆగిపోబోయే గుండె లయను సరిచేయడానికి ఆస్పత్రులలో డీఫిబ్రిలేటర్‌తో ఇచ్చే షాకు సాధారణంగా 150 నుంచి 360 జౌళ్ళ మధ్య ఉంటుంది. సరిగా కొట్టుకుంటున్న గుండెకు అంత శక్తి అదుపు లేకుండా తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

వోల్టేజి వర్గం కావడం వల్ల మరో సంగతి తేలుతుంది. వోల్టేజి రెండింతలైతే శక్తి నాలుగింతలు అవుతుంది. 13.8 వోల్టుల సెట్టు మీద నేర్చుకున్న ధైర్యాన్ని 2500 వోల్టుల పరికరం దగ్గరకు తీసుకువెళ్ళకూడదు.

బ్లీడర్ – కాపాడేదే చెడిపోతే?

ఈ ప్రమాదం పరికరాలు తయారు చేసేవారికి తెలియనిది కాదు. అందుకే కెపాసిటర్ రెండు కొనల మధ్య ఒక నిరోధాన్ని శాశ్వతంగా కలుపుతారు. దీని పేరు బ్లీడర్. స్విచ్ ఆపగానే కెపాసిటర్‌లోని ఆవేశం దీని గుండా మెల్లగా ఖాళీ అవుతుంది.

ఎంత మెల్లగా? కెపాసిటీని నిరోధంతో గుణిస్తే కాలస్థిరాంకం వస్తుంది. 50 మైక్రోఫారడ్లు, లక్ష ఓములు తీసుకుంటే అది 5 సెకన్లు. ప్రతి 5 సెకన్లకు వోల్టేజి అంతకు ముందు ఉన్నదానిలో 37 శాతానికి దిగుతుంది. 2500 వోల్టులు 5 సెకన్లకు సుమారు 920 వోల్టులకు, 25 సెకన్లకు సుమారు 17 వోల్టులకు చేరతాయి. కాబట్టి అంతా సవ్యంగా ఉంటే అర నిమిషంలో ప్రమాదం తొలగిపోతుంది.

అంతా సవ్యంగా ఉంటే! ఈ మాట దగ్గర ఆగి ఆలోచించండి. పరికరం పనిచేస్తున్నంతసేపూ బ్లీడర్ మీద 2500 వోల్టులు ఉంటాయి. అది ఖర్చు చేసే శక్తి 62.5 వాట్లు. అంటే మనలను కాపాడవలసిన భాగమే గంటల తరబడి ఓ బల్బులాగా కాలుతూ ఉంటుంది. ఏళ్ళు గడిచాక ఏదో ఒక రోజు అది తెగిపోవచ్చు. తెగిపోయినా యాంప్లిఫయర్ మామూలుగానే పనిచేస్తుంది. ప్రసారంలో తేడా కనిపించదు, శబ్దం రాదు, దీపం వెలగదు. తెగిన విషయం ఎవరికీ తెలియదు.

అప్పుడు కెపాసిటర్ ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది? దారి మొత్తం మీద లీకేజీ నిరోధం 2 కోట్ల ఓములు మాత్రమే మిగిలిందనుకోండి. కాలస్థిరాంకం ఇప్పుడు 1000 సెకన్లు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, టీ తాగి పది నిమిషాల తరువాత వచ్చినా కెపాసిటర్ మీద ఇంకా 1370 వోల్టుల వరకు ఉంటుంది. 50 వోల్టులకు దిగడానికి గంటకు పైగా పడుతుంది. "చాలాసేపైంది, ఖాళీ అయిపోయి ఉంటుంది" అనే నమ్మకం ఎందుకు పనికిరాదో ఈ లెక్క చెబుతుంది.

వరుసలో ఉన్న కెపాసిటర్ల మోసం

2500 వోల్టులను తట్టుకునే ఒకే పెద్ద కెపాసిటర్ ఖరీదైనది. అందుకని 450 వోల్టుల కెపాసిటర్లు ఎనిమిదింటిని శ్రేణిలో కలుపుతారు. ఒక్కొక్కటి 400 మైక్రోఫారడ్లు అయితే మొత్తం కెపాసిటీ 50 మైక్రోఫారడ్లు. ఒక్కొక్కదాని మీద సుమారు 312 వోల్టులు ఉంటాయి. ప్రతిదానికీ విడిగా ఓ బ్లీడర్ ఉంటుంది.

ఇందులో ఒకే ఒక్క బ్లీడర్ తెగిందనుకుందాం. స్విచ్ ఆపిన కొంతసేపటికి ఏడు కెపాసిటర్లు ఖాళీ అవుతాయి. ఎనిమిదవది తన 312 వోల్టులతో అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు మీరు వరుస మొత్తానికి ఆ కొన నుంచి ఈ కొనకు ఒక్క క్షణం షార్టు చేశారు. చిటుక్కుమని నిప్పురవ్వ వచ్చింది. మీటరు పెట్టి చూస్తే రెండు కొనల మధ్య సున్నా. ఇక భయం లేదనుకుంటారు.

కానీ లోపల జరిగింది వేరు. శ్రేణిలో ఉన్నందున అన్నింటి గుండా ఒకే ఆవేశం కదిలింది. దానివల్ల ప్రతి కెపాసిటర్ వోల్టేజిలో 39 వోల్టుల మార్పు వచ్చింది. ఖాళీగా ఉన్న ఏడూ వ్యతిరేక దిశలో 39 వోల్టుల చొప్పున ఆవేశితమయ్యాయి. ఎనిమిదవది 312 నుంచి 273 వోల్టులకు మాత్రమే దిగింది. ఏడు ముప్ఫైతొమ్మిదులు 273. ఒకటి ధనం, మిగిలినవి ఋణం. మొత్తం సున్నా! మీటరు అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నే తప్పు. అందుకే ప్రతి కెపాసిటర్‌నూ విడివిడిగా డిశ్చార్జి చేసి, విడివిడిగా కొలవాలి.

ఖాళీ చేసినా మళ్ళీ వచ్చే వోల్టేజి

ఇంకొక వింత కూడా ఉంది. పెద్ద కెపాసిటర్‌ను షార్టు చేసి, తీగ తీసేసి, కొంతసేపు అలాగే ఉంచితే దాని మీద మళ్ళీ కొంత వోల్టేజి కనిపిస్తుంది. పలకల మధ్య ఉన్న రోధక పదార్థం ఆవేశాన్ని కొంత తనలోకి పీల్చుకుంటుంది. షార్టు చేసినప్పుడు అది వెంటనే బయటకు రాదు, తరువాత మెల్లగా వస్తుంది. హై వోల్టేజి కెపాసిటర్లను అల్మారాలో దాచేటప్పుడు కూడా రెండు కొనలనూ ఒక తీగతో కలిపి ఉంచడానికి కారణం ఇదే.

ఇప్పుడు చకర్‌భాటా రైలు తీగ దగ్గరకు తిరిగి వెళదాం. పక్క ట్రాక్ మీది తీగలో కరెంటు నడుస్తూనే ఉంటుంది. దాని ప్రేరణ వల్ల, ఆపేసిన తీగలో కూడా ప్రాణం తీయగల వోల్టేజి పుడుతుంది. ఎవరైనా పొరపాటున కరెంటు తిరిగి ఇచ్చే అవకాశం కూడా ఉంటుంది. అందుకే డిశ్చార్జి రాడ్ పని పూర్తయ్యేదాకా తగిలించే ఉండాలి. ఆ తీగలో కారణం ప్రేరణ, మన కెపాసిటర్‌లో కారణం నిల్వ. కారణాలు వేరైనా నీతి ఒక్కటే: కరెంటు ఆపడం వేరు, తీగ నిర్జీవం కావడం వేరు. ఆపడం మన చేతిలోని పని. నిర్జీవమైందని ఋజువు చేసుకోవాలి, అలాగే నిలిపి ఉంచాలి.

పని చేసే క్రమం

అనుభవజ్ఞులైన హామ్‌లు పాటించే క్రమాన్ని ఇప్పుడు వరుసగా చూద్దాం. విద్యార్థులు దీనిని అర్థం చేసుకోవడానికే చదవాలి. హై వోల్టేజి పరికరాన్ని లైసెన్సు ఉన్న అనుభవజ్ఞుని సమక్షంలో తప్ప విప్పకూడదు.

మొదటిది, స్విచ్‌తో సరిపెట్టుకోకుండా ప్లగ్‌ను సాకెట్ నుంచి పూర్తిగా తీయాలి. కొన్ని ఇళ్ళలో వైరింగు పొరపాటు వల్ల స్విచ్ ఫేజు తీగలో కాక న్యూట్రల్ తీగలో ఉంటుంది. అప్పుడు స్విచ్ ఆపినా పరికరం లోపలికి ఫేజు వస్తూనే ఉంటుంది. తీసిన ప్లగ్‌ను మీ కళ్ళకు కనిపించేటట్లు బల్ల మీద పెట్టుకోండి. వెనుక నుంచి వచ్చి ఇంకెవరూ దానిని తగిలించలేరు.

రెండవది, వోల్టేజి మీటరు సున్నాకు దిగేదాకా ఆగాలి. ఆ తరువాత కూడా దానిని నమ్మకూడదు. మీటరే చెడిపోయి ఉండవచ్చు.

మూడవది, ఉంగరాలు, గడియారం, మెడలో గొలుసు తీసివేయాలి. నేల పొడిగా ఉండాలి. కాళ్ళకు రబ్బరు చెప్పులు, కింద రబ్బరు చాప ఉండాలి. మూత తీసిన తరువాత ఎడమ చేయి వీపు వెనుకో జేబులోనో ఉంచి ఒక చేత్తోనే పనిచేయాలి. ఒక చేయి తీగకు, రెండవ చేయి ఛాసిస్‌కు తగిలితే ప్రవాహం నేరుగా గుండె మీదుగా పోతుంది. ఒంటిచేతి అలవాటు ఆ దారిని మూసివేస్తుంది.

నాలుగవది, డిశ్చార్జి కర్ర. ఇది అర మీటరుకు పైగా పొడవున్న పొడి ఫైబర్‌గ్లాస్ లేదా పీవీసీ గొట్టం. దాని చివర లోహపు కొక్కెం, కొక్కేనికి మందపాటి మెత్తని తీగ ఉంటాయి. పైతొడుగు పారదర్శకంగా ఉండే తీగ మంచిది. లోపల తెగితే కంటికి కనిపిస్తుంది. ముందుగా ఈ తీగను ఛాసిస్ ఎర్తుకు బిగించాలి, తరువాతే కొక్కేన్ని కెపాసిటర్‌కు తాకించాలి. రైల్వే రాడ్‌కు చెప్పిన వరుసే ఇక్కడా. తిరగేస్తే, ఆవేశం కొక్కెం నుంచి మన చేతిలో వేలాడే తీగలోకి వస్తుంది. మొదట వెయ్యి ఓముల పెద్ద వైర్‌వౌండ్ నిరోధం గుండా తాకించడం మేలు. అప్పుడు ప్రవాహం రెండున్నర ఆంపియర్లకు మించదు, క్షణంలో కెపాసిటర్ ఖాళీ అవుతుంది. నేరుగా షార్టు చేస్తే వందల వేల ఆంపియర్లు ఒక్కసారిగా ప్రవహించి లోహం కరిగి చిమ్ముతుంది, కంటికి ప్రమాదం. నిరోధంతో ఖాళీ చేసిన తరువాత నేరుగా తగిలించాలి.

ఐదవది, కొలత. మీటరు పనిచేస్తున్నదో లేదో ముందు తెలిసిన వోల్టేజి మీద చూసుకోవాలి. తరువాత కెపాసిటర్లను ఒక్కొక్కటిగా కొలవాలి. చివర మళ్ళీ తెలిసిన వోల్టేజి మీద మీటరును సరిచూసుకోవాలి. మధ్యలో మీటరు చెడితే అది చూపిన సున్నాకు అర్థం లేదు. సాధారణ మల్టీమీటర్లు 600 లేక 1000 వోల్టుల వరకే పనికివస్తాయి. 2500 వోల్టుల కరెంటు ఉన్న చోట వాటిని పెడితే మీటరు చేతిలోనే పేలవచ్చు.

ఆరవది, పని ముగిసేదాకా కొక్కేన్ని అక్కడే వేలాడదీయాలి. మూత వేసేముందు దానిని తీయడం మరచిపోకూడదు.

ఏడవది, ఒంటరిగా పని చేయకూడదు. ఇంటి మెయిన్ స్విచ్ ఎక్కడ ఉందో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. అలసటగా ఉన్నప్పుడు, నిద్ర వస్తున్నప్పుడు పరికరం మూత తీయకండి. తుఫాను సహాయ శిబిరాలలో జనరేటరు మీద, తాత్కాలిక వైరింగు మీద, రోజుల తరబడి నిద్రలేకుండా పనిచేసే హామ్‌లకు ఈ నియమం మరీ ముఖ్యం.

కొన్ని యాంప్లిఫయర్లలో మూత తీయగానే కరెంటు ఆగిపోయే ఇంటర్‌లాక్ స్విచ్ ఉంటుంది. మరమ్మతు తేలికవుతుందని దానిని టేపుతో నొక్కి కట్టేసేవారు ఉన్నారు. అది కాపలాదారును నిద్రపుచ్చి తలుపు తెరిచి ఉంచడమే.

ఫ్యూజు, ఆర్‌సీసీబీ కాపాడవా?

చాలామందికి వచ్చే సందేహం ఇది. ఫ్యూజు వైరింగును కాపాడటానికి పుట్టింది, మనిషిని కాపాడటానికి కాదు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు 100 మిల్లీ ఆంపియర్లు లెక్కలోకి రావు. అవి మనిషి ప్రాణానికి చాలు.

మరి 30 మిల్లీ ఆంపియర్లకే ఆగిపోయే ఆర్‌సీసీబీ? ఇంట్లో అది తప్పక ఉండాలి. ఫేజులో వెళ్ళిన ప్రవాహం, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన ప్రవాహం సమానంగా లేకపోతే అది కరెంటు ఆపుతుంది. కానీ యాంప్లిఫయర్‌లో మధ్యన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. హై వోల్టేజి వైపు మీకు షాకు తగిలితే ఆ ప్రవాహం ట్రాన్స్‌ఫార్మర్ రెండవ చుట్టలోనే చుట్టి తిరుగుతుంది. మొదటి చుట్ట వైపు ఫేజు, న్యూట్రల్ ప్రవాహాలు సమానంగానే ఉంటాయి. ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు. కెపాసిటర్ షాకు అయితే ప్లగ్ పీకిన తరువాత తగిలేది, దానికి ఆర్‌సీసీబీతో సంబంధమే లేదు.

ఎర్తింగు సంగతి వేరు. లోపల హై వోల్టేజి తీగ తెగి లోహపు పెట్టెకు తగిలినప్పుడు, మంచి ఎర్తు ఉంటే పెట్టె వోల్టేజి పెరగదు, ఫ్యూజు కాలిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్‌లోని పెద్ద పిన్నును విరగ్గొట్టి వాడేవారు ఈ రక్షణను చేజేతులా పోగొట్టుకుంటున్నారు. ఎర్తింగు ఎలా చేయాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 3043.

యాంటెన్నా, పైన పోయే తీగలు

హామ్ గది దాటి బయటకు వద్దాం. చకర్‌భాటా వంటి ఊళ్ళో యాంటెన్నా కట్టేవారు రెండు రకాల తీగలను చూసుకోవాలి. ఒకటి రైల్వే 25 కిలోవోల్టుల తీగ, రెండవది వీధిలో పోయే 11 కిలోవోల్టుల లైను. యాంటెన్నా స్తంభం ఏ దిక్కుకు పడినా, దాని తీగ తెగి ఏ వైపుకు ఎగిరినా కరెంటు తీగను చేరలేనంత దూరం ఉండాలి. లైను మీదుగా యాంటెన్నా తీగను విసరడం ఎన్నడూ చేయకూడదు. ఆ ఊళ్ళో విమానాశ్రయం కూడా ఉంది. 2021 మార్చి నుంచి అక్కడ ప్రయాణికుల విమానాలు నడుస్తున్నాయి. కాబట్టి ఎత్తయిన స్తంభానికి ముందుగా అనుమతి అడగాలి.

25 కిలోవోల్టుల తీగను ముట్టుకోనవసరం లేదు, దగ్గరకు వెళితేనే గాలిని చీల్చుకుని ఆర్క్ వస్తుంది. కనీసం రెండు మీటర్ల దూరం ఉండాలని రైల్వే నియమం. ఆగి ఉన్న వ్యాగన్ మీదకు ఎక్కి ఫోటో తీసుకోవాలనుకునే యువకులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. వ్యాగన్ కప్పు మీద నిలబడిన మనిషి తలకూ ఆ తీగకూ మధ్య రెండు మీటర్లు మిగలవు.

యాంటెన్నాలో కూడా వోల్టేజి ఉంటుంది. 100 వాట్లను 50 ఓముల కేబుల్‌లోకి పంపితే వోల్టేజి 71 మాత్రమే. అదే శక్తి 2500 ఓముల నిరోధం ఉన్న తీగ చివరకు చేరితే 500 వోల్టులు అవుతుంది. ప్రసారం జరుగుతుండగా దానిని తాకితే చర్మం లోతుగా కాలుతుంది. అందుకే యాంటెన్నా కొనలు పిల్లలకు, పశువులకు అందని ఎత్తులో ఉండాలి.

ప్రమాదం జరిగితే

పక్కవారికి షాకు తగిలితే మొదట వారిని ముట్టుకోకండి. ప్లగ్ పీకండి, లేదా మెయిన్ స్విచ్ ఆపండి. అది వీలుకాకపోతే, ఇంటి కరెంటు విషయంలో మాత్రమే, పొడి కర్రతో తీగను పక్కకు నెట్టవచ్చు. 11 కిలోవోల్టులు, 25 కిలోవోల్టుల దగ్గర కర్ర పనికిరాదు. దూరంగా ఉండి విద్యుత్ శాఖకు గానీ స్టేషన్ మాస్టరుకు గానీ తెలిపి కరెంటు ఆపించాలి. కరెంటు ఆగిన తరువాత 112 లేక 108కి ఫోన్ చేయించండి. మనిషిలో చలనం, మామూలు శ్వాస లేకపోతే ఛాతీ మధ్యన రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికి సుమారు 5 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉండండి. సహాయం వచ్చేదాకా ఆపకండి. షాకు తగిలి లేచి కూర్చున్నవారిని కూడా వైద్యునికి చూపించాలి. గుండె లయలో తేడా తరువాత బయటపడవచ్చు.

ముగింపు

"మా ఇంట్లో వాల్వు యాంప్లిఫయర్ లేదు కదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. కానీ పాత పిక్చర్ ట్యూబు టీవీ లోపల ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ లోపలి కెపాసిటర్ రెండు వేల వోల్టులకు పైబడినది. కంప్యూటర్ పవర్ సప్లయిలోని కెపాసిటర్ మీద 230 వోల్టుల శిఖర విలువ, అంటే 325 వోల్టులు ఉంటాయి. పాత ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసి ప్రయోగాలు చేసే వీడియోలను చూసి ఎవరూ అనుకరించకండి. ఈ పాఠంలోని ప్రతి మాటా వాటికి కూడా వర్తిస్తుంది.

హామ్ రేడియో భయపడవలసిన విద్య కాదు. చిన్న సెట్టుతో, పన్నెండు వోల్టుల బ్యాటరీతో సముద్రాలు దాటి మాట్లాడవచ్చు. అక్కడి నుంచే మొదలుపెట్టండి. పెద్ద పరికరాల దగ్గరకు వెళ్ళే రోజు వచ్చినప్పుడు, ట్రాక్ పక్కన డిశ్చార్జి రాడ్ తగిలించి నిచ్చెన ఎక్కే రైల్వే లైన్‌మన్‌ను గుర్తు చేసుకోండి. ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్నా ఆయన ఒక్కరోజు కూడా ఆ రాడ్ మానడు. ఆయనది భయం కాదు, క్రమశిక్షణ.

ఆలోచించండి

1. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 3000 వోల్టుల వద్ద ఉంటే అందులోని శక్తి ఎంత? పాఠంలోని కెపాసిటర్‌తో పోల్చండి.

2. బ్లీడర్ విలువను లక్ష ఓముల నుంచి పది లక్షల ఓములకు మార్చితే అది తక్కువ వేడెక్కుతుంది. మరి 2500 వోల్టులు 50 వోల్టులకు దిగడానికి ఎంతసేపు పడుతుంది? ఈ రెండింటిలో దేనికి ప్రాధాన్యం ఇస్తారు?

3. డిశ్చార్జి కర్ర తీగను ముందు ఎర్తుకే ఎందుకు బిగించాలి? తీసేటప్పుడు వరుస ఏది?

4. మీ ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడ ఉందో ఇంట్లోని అందరికీ తెలుసా? ఈ రోజే అడిగి చూడండి.